గొంగడి నుంచి కూర దాకా: కుండల్‌వాడి పరిసరాలలో దక్కనీ గొర్రె

1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం మూడుగా విడిపోయినప్పుడు నాందేడ్ జిల్లా కూడా పూర్వరూపంలో మిగలలేదు. ముధోల్ తాలూకాలోని ముధోల్, భైంసా, కుబీర్ సర్కిళ్ళు, దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. మిగిలిన జిల్లా బొంబాయి రాష్ట్రానికి వెళ్ళి, 1960 మే 1 నుంచి మహారాష్ట్రలో భాగమయింది. ఆదిలాబాదు జిల్లా నుంచి కిన్వట్, రాజురా తాలూకాలు, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిలు అటు పోయాయి. బిలోలి తాలూకాలోని కుండల్‌వాడి ఈ గీతకు పడమట ఉండిపోయింది. ఊరికి ఉత్తరాన గోదావరి, తూర్పున మంజీర. ఆ రెండూ కలిసే కందకుర్తి నిజామాబాదు జిల్లాలోనిది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో ఉర్దూ కలిసిన దక్కనీ మాట వినిపించే ఇటువంటి ఊళ్ళను గురించి మన విద్యార్థులు సాధారణంగా భాషాశాస్త్ర దృష్టితోనే చదువుతారు. ఈ వ్యాసం ఆ ప్రాంతాన్ని మరొక వైపు నుంచి, గొర్రెల మంద వైపు నుంచి చూడటానికి చేసిన ప్రయత్నం.

గొర్రెను పెంచేవాని కథ ఒకటి, మాంసం తినేవాని కథ ఒకటి అని విడదీసి చూడటం మనకు అలవాటు. మొదటిది పశువైద్యులకు, రెండవది వ్యాపారులకు వదిలేస్తాం. దక్కను పీఠభూమిలో గత యాభై అరవై ఏళ్ళ చరిత్రను పరిశీలిస్తే ఈ విభజన నిలవదు. మందలో ఏ రంగు గొర్రె ఉండాలో, అది ఎంత వయసులో కత్తికి పోవాలో, కాపరి ఎంత దూరం నడవాలో నిర్ణయించే అధికారం క్రమంగా తినేవాని చేతికి వెళ్ళింది. అంతకు ముందు అది ఎవరి చేతిలో ఉండేదో తెలియకపోతే ఈ మార్పు ఎంత పెద్దదో అర్థం కాదు.

ముందుగా జీవాన్ని గురించి రెండు మాటలు. తెలంగాణ పల్లెల్లో గొర్రెలను, మేకలను కలిపి ‘జీవాలు’ అంటారు. మహారాష్ట్ర, తెలంగాణ, కర్ణాటక కలిసే మెట్ట భూముల్లో తరతరాలుగా పెరిగిన గొర్రెకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు దక్కనీ. ఎక్కువగా నలుపు, లేదా నలుపు తెలుపుల కలయిక, మధ్యరకం శరీరం, ముతక ఉన్ని. ఏడాదికి రెండుసార్లు కత్తెర వేసినా ఒక గొర్రెకు వచ్చే ఉన్ని అర కిలోకు కాస్త అటూ ఇటూ. ఈతకు సాధారణంగా ఒకే పిల్ల. కాగితం మీద ఈ లెక్కలు చూసిన వారికి ఇది పనికిరాని జాతి అనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఎన్నో పథకాలు అట్లా అనుకొనే మొదలయ్యాయి. కానీ ఈ గొర్రె ప్రత్యేకత కాగితం మీద కనపడేది కాదు. ఎండాకాలంలో కోత కోసిన జొన్న చేలల్లో మిగిలిన ఆకూ అలమూ, తుమ్మకాయా తిని, రోజుకు మైళ్ళకొద్దీ నడిచి, నీళ్ళు తక్కువ దొరికినా తట్టుకొని, మళ్ళీ వానల నాటికి ఊరు చేరుతుంది. కొని పెట్టే మేత దాదాపు లేదు. ఇప్పుడు సుస్థిర వ్యవసాయం అనే పేరుతో పాఠాలుగా చెప్తున్నదానిలో చాలా భాగం ఈ నడకలోనే ఉంది.

ఈ నడక నడిచిన వారు ఎవరు? తెలంగాణ వైపు కురుమలు, కర్ణాటకలో కురుబలు, మహారాష్ట్రలో ధన్‌గర్‌లు. గొల్లలు కూడా గొర్రెలు కాస్తారు గాని, ఉన్ని గొర్రెతో, గొంగడితో విడదీయరాని సంబంధం కురుమలది. కన్నడంలో గొర్రెను ‘కురి’ అంటారు కనుక కురుబ, కురుమ పేర్లు దాని నుంచి వచ్చాయని చెప్పేవారు ఉన్నారు. మనకు మరింత ఆసక్తికరమైన ఆధారం ఒక ప్రభుత్వ పత్రంలో ఉంది. మహారాష్ట్ర ప్రభుత్వం సంచార జాతుల ‘సి’ విభాగంలో చేర్చిన ధన్‌గర్ ఉపకులాల జాబితాలో హట్కర్, ఖుటేకర్ వంటి మరాఠీ పేర్ల పక్కనే ‘తెలంగీ’, ‘కానడే’, ‘కుర్మార్’ అనే పేర్లు కనిపిస్తాయి. అంటే తెలుగువాడు, కన్నడిగుడు, కురుమ ముగ్గురూ మరాఠీ జాబితాలో ధన్‌గర్ అనే ఒకే గొడుగు కిందికి చేరారు. మంద వెంట నడిచినవాళ్ళ దారులు ఎటు నుంచి ఎటు సాగాయో చెప్పే శాసనం వంటిది ఈ జాబితా. రాతి మీద చెక్కకపోయినంత మాత్రాన దాన్ని తక్కువగా చూడనక్కర్లేదు.

దేవుళ్ళ సంగతి కూడా అంతే. కొమురవెల్లి మల్లన్నకు ఇద్దరు భార్యలు: బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ. జెజూరి ఖండోబాకూ ఇద్దరే ముఖ్యులు: వర్తక కులం నుంచి మ్హాళసా, ధన్‌గర్ కులం నుంచి బాణాయి. బజారుకు ఒకరు, మందకు ఒకరు. ఇక్కడ బండారి, అక్కడ భండారా, రెండూ పసుపే. కురుమల బీరప్ప ధన్‌గర్‌ల బిరోబా. ఓరుగల్లు వీధుల్లో మైలారుదేవుని భక్తుల సాహసకృత్యాలను ‘క్రీడాభిరామం’ వర్ణించిందంటే ఈ సంప్రదాయం మన సాహిత్యంలోకి ఎప్పుడో వచ్చిందన్నమాట. జర్మన్ పండితుడు గుంథర్ సొంథైమర్ (1934–1992) మహారాష్ట్రలో కాపరుల దేవతల మీద చేసిన పరిశోధన 1976లో జర్మన్‌లో, 1989లో ఇంగ్లీషులో వెలువడింది. తెలుగు విద్యార్థులు ఆ గ్రంథాన్ని చదివి పక్కన ఒగ్గు కథలను పెట్టుకొంటే, మరాఠీ ఓవీలలోని బిరోబా, ఒగ్గులోని బీరప్ప ఎంత దగ్గరివారో వెంటనే తెలుస్తుంది. ఇక్కడ దీనిని ప్రస్తావించడానికి కారణం వేరు. కథల్లోని ఈ గొర్రె కూర కోసం పెంచినది కాదు. అది సంపద, కట్నం, మొక్కు, వైరానికి మూలం.

ఆ సంపదలో మొదటి భాగం గొంగడి. మరాఠీలో ‘ఘోంగడీ’, తెలుగులో ‘గొంగడి’, మాట ఒకటే. తెలంగాణలో కురుమ స్త్రీలు ఉన్ని వడికేవారు, మగవాళ్ళు గుంట మగ్గం మీద నేసేవారు, నూలుకు చింతగింజల గంజి పట్టించేవారు. మహారాష్ట్ర వైపు నేత పని సంగర్‌లనే ఉపకులం చేతిలో ప్రత్యేకంగా ఉండేది. వానలో గొడుగు, చలిలో దుప్పటి, పొలంలో పరుపు, గింజలు మోసుకొనే మూట, పిల్లవాడికి ఉయ్యాల అన్నీ అదే. కురుమల పెళ్ళిలో, బీరప్ప కొలుపులో గొంగడి పరవకుండా కార్యం జరగదు. తరువాతి కాలంలో గద్దర్ (1949–2023) వేదిక మీద భుజాన వేసుకొన్న గొంగడి తెలంగాణ శ్రమజీవికి గుర్తుగా దేశమంతా తెలిసింది. ఆ వేషం నాటికే గొంగడి వాడకం పల్లెల్లో తగ్గుతూ ఉండటం చరిత్రలోని చిన్న వ్యంగ్యం.

రెండవ భాగం ఎరువు. కోతలయ్యాక రైతు తన చేనులో రాత్రిపూట మందను నిలిపించుకొనేవాడు. ఒక రాత్రికి ఇంత అని గింజలో, డబ్బో ఇచ్చేవాడు. నల్లరేగడి భూమికి పెంట, మూత్రం రెండూ నేరుగా అందేవి. మోత ఖర్చు లేదు. మంజీర మీద నిజాంసాగర్ 1931 నాటికి పూర్తయి, బోధన్‌లో చక్కెర కర్మాగారం 1930ల చివర వెలసి, నదికి తూర్పున తరి పొలాలూ చెరకూ పెరిగాయి. పడమట బిలోలి, దెగ్లూరు వైపు మెట్ట మిగిలింది. తరి మెట్టలు ఇట్లా పక్కపక్కన ఉండటం మందకు అనుకూలమే: వానకాలం మెట్టన బీళ్ళలో, కోతల తరువాత మాగాణిలో. ఈ ఏర్పాటులో కాపరి రైతుకు అప్పుపడ్డవాడు కాదు, రైతు కాపరిని పోషించేవాడూ కాదు. ఇద్దరికీ ఒకరి అవసరం ఒకరికి ఉండేది.

ఇంత మాత్రాన ఆ కాలాన్ని స్వర్ణయుగంగా చిత్రించడం పొరపాటు. కాపరి నడిచే ప్రతి బీడుకూ ఒక యజమాని ఉండేవాడు, ప్రతి యజమానికీ ఒక వసూలు ఉండేది. పుల్లరి అనే మాట మనకు కాటమరాజు కథలలో బాగా పరిచయం. నెల్లూరు పాలకుడు నల్లసిద్ధితో యాదవ వీరులకు వచ్చిన యుద్ధానికి మూలం మేత పన్నే. బెంగళూరులో ఉండి ఆ కథలను సంపాదించి పరిష్కరించిన తంగిరాల వెంకట సుబ్బారావు కృషి రాష్ట్రేతర తెలుగు అధ్యయనానికి గర్వకారణం. నిజాం కాలంలో తెలంగాణలో వెట్టి జాబితా ఇంకా పొడుగు. దొర ఇంట శుభకార్యమైతే కాపరి యాటను ఉచితంగా ఇవ్వాలి, గొంగడీ ఇవ్వాలి. 1946 జూలై 4న కడవెండిలో తుపాకి గుండుకు బలై తెలంగాణ సాయుధ పోరాటానికి తొలి అమరుడుగా చరిత్రకెక్కిన దొడ్డి కొమురయ్య కురుమ కులస్థుడే. మాంసం ఎవరు తిన్నారు అన్న ప్రశ్నకు ఆనాటి సమాధానం ఇందులోనే ఉంది. పెంచినవాడు పండుగకు, మొక్కుకు, చావుకు తిన్నాడు. పెంచనివాడు అధికారంతో తిన్నాడు.

సామాన్యులు తినే పద్ధతి వేరుగా ఉండేది. అంగడిలో కిలోల లెక్కన రోజూ దొరికే వస్తువు కాదు మాంసం. పది పన్నెండు ఇళ్ళవాళ్ళు కలిసి ఒక యాటను మాట్లాడుకొని, కోయించి, పోగులు పెట్టుకొనేవారు. ప్రతి పోగులోనూ మెత్తటి ముక్కా, ఎముకా, కారిజమూ, బోటీ సమంగా పడాలి. మరాఠీలో దీన్నే ‘వాటే’ అంటారు, మన ‘వాటా’యే. తూకం లేని ఈ పంపకంలో జంతువులో ఏ భాగమూ వృథా కాదు. నల్ల, తలకాయ, కాళ్ళు అన్నిటికీ వేరు వేరు వంటలు, వేరు వేరు హక్కుదారులు. లేత మాంసం మంచిదా, ముదురుదా అన్న చర్చ ఉన్నా అది వంటకు సంబంధించిన చర్చ. ధరకు సంబంధించినది కాదు. ఈడు మీరిన గొర్రె మాంసం ఎక్కువసేపు ఉడకాలి, అంతే.

మన భాషలో ఒక విశేషం గమనించండి. ఇంగ్లీషులో ఏడాది లోపు పిల్ల మాంసం ‘ల్యాంబ్’, పెరిగినదానిది ‘మటన్’. తెలుగులో గొర్రెపిల్ల ఉంది, పొట్టేలు ఉంది, కాని వాటి మాంసానికి వేరు వేరు పేర్లు లేవు. పైగా మన ‘మటన్’ గొర్రెదీ కావచ్చు, మేకదీ కావచ్చు. ఈ ఒక్క మాట కింద ఎన్ని అభిరుచులు దాగాయో సరిహద్దు ఊళ్ళలో తెలుస్తుంది. మహారాష్ట్రలో మటన్ అనగానే ఎక్కువమంది మనసులో మెదిలేది ‘బోకడ్’, అంటే మేకపోతు. తెలంగాణలో గౌరవం పొట్టేలుకు. పసుపు పూసి తోలుతోనే కాల్చి కొట్టిన మాంసం తెలుగువారికి ఇష్టం. తోలు తీయని మాంసం మరాఠీ వంటింట్లో అరుదు. ఆషాఢంలో తెలంగాణలో బోనాలు. శ్రావణం రాకముందు ఆషాఢ అమావాస్య దాకా మహారాష్ట్రలో మాంసం విందులు. పంచాంగం ఇద్దరిదీ అమాంతమే కనుక శ్రావణంలో మాంసం మానడమూ ఒకేసారి వస్తుంది. కాని దసరా నాడు యాట కూర లేకపోతే తెలంగాణ ఇంట పండుగ కాదు.

ఈ వ్యవస్థ ఎప్పుడు సడలింది? ఒక్క తేదీ చెప్పడం కుదరదు. మూడు కాళ్ళ మీద నిలిచిన పీటకు రెండు కాళ్ళు ఒకదాని తరువాత ఒకటి విరిగాయనడం సమంజసం. మొదట విరిగింది ఉన్ని. పానిపట్‌లో పాత ఉన్ని బట్టల పీచుతో తయారయ్యే చవక దుప్పట్లు సంతలకు వచ్చాయి. ప్లాస్టిక్ పట్టాలు వానకు గొంగడి అవసరాన్ని తీర్చాయి. 1990లలో దిగుమతులు సులభమయ్యాక ముతక ఉన్నికి ఉన్న కాస్త గిరాకీ కూడా పోయింది. కత్తెర వేయడానికయ్యే కూలి ఉన్ని ధర కంటె ఎక్కువయినప్పుడు కాపరికి ఉన్ని ఆదాయం కాదు, భారం. ప్రభుత్వాలు ఉన్నిని బాగుచేయాలని ప్రయత్నించకపోలేదు. హైదరాబాదు దగ్గర మామిడిపల్లిలో పెద్ద గొర్రెల క్షేత్రం పెట్టి కారిడేల్ అనే విదేశీ జాతిని తెచ్చారు. సన్నని ఉన్ని ఇచ్చే ఆ గొర్రె చల్లని పచ్చిక దేశాలది. తుమ్మచెట్టు నీడన బతికే మందలో దానికి చోటు దొరకలేదు.

తరువాత ఎరువు. సంచుల్లో యూరియా వచ్చింది. రెండో పంట వేసే రైతు కోత కాగానే ట్రాక్టరుతో దున్నేస్తాడు. మంద నిలపడానికి నెల రోజుల ఖాళీ ఉండదు. మరాఠ్వాడాలో జొన్న స్థానాన్ని సోయాబీన్ ఆక్రమించింది. జొన్నచొప్ప పశువుకు మేత, సోయా పొట్టు గొర్రెకు అంత ఇష్టమైనది కాదు. గాయరాన్ భూములు, తెలంగాణలో బంచరాయిలు ఒక్కొక్కటిగా సాగుకు, ఇళ్ళకు, తోటల పెంపకానికి పోయాయి. నడిచే దారి కుంచించుకుపోయింది. మిగిలిన కాలు ఒక్కటే: మాంసం.

ఒక్క మాంసమే మిగిలితే ఉన్ని గొర్రె ఎందుకు? కాపరులు ఈ ప్రశ్న వేసుకోవడం సహజం. కోస్తా నుంచి నెల్లూరు గొర్రె వచ్చింది. పల్ల, జోడిపి, దొర అని మూడు రకాలు. మన దేశపు గొర్రెలలో బాగా ఎత్తయిన జాతి, ఉన్ని లేదు, కత్తెర ఖర్చు లేదు, చూపుకు నిండుగా ఉంటుంది. వ్యాపారి మందలోకి వచ్చి చేత్తో ఎత్తి చూసి, కంటి అంచనాతో ధర కట్టే చోట ఎత్తు, పొడుగు, నిగనిగలాడే ఎర్ర రంగు డబ్బవుతాయి. ఎర్ర పొట్టేళ్ళను నల్ల మందల్లోకి వదిలారు. కొన్ని తరాలలోనే నల్ల మందలు ఎర్రబడ్డాయి. కొందరు దీన్ని కాపరుల అజ్ఞానమంటారు. నేను అట్లా అనుకోను. వాళ్ళు తమ ముందున్న సంతను సరిగ్గానే చదివారు. సంత మాత్రం వాళ్ళ మందను సరిగ్గా చదవలేదు. దూరం నడవడం, కరువు సంవత్సరంలో ఈనడం, చిటుక రోగం, నీలినాలుక వంటి వ్యాధుల ఏళ్ళలో మందలో కొంతయినా మిగలడం, వీటికి సంతలో ధర లేదు.

ఇదే కాలంలో తినేవాడూ మారాడు. అందులో ఒక తెలుగువాని పాత్ర ఉంది. 1971లో వెంకటేశ్వర హేచరీస్‌ను స్థాపించి, తరువాత పుణె కేంద్రంగా కోళ్ళ పరిశ్రమను దేశవ్యాప్తం చేసిన బండా వాసుదేవరావు (1935–1996) మన మాంసాహార చరిత్రలో ఏ రాజుకూ తీసిపోని మార్పు తెచ్చారు. బ్రాయిలర్ కోడి రోజువారీ మాంసమయింది. మటన్ దావత్‌కూ, ఆదివారానికీ, బంధువు వచ్చినప్పటి గౌరవానికీ పరిమితమయింది. సామాన్యంగా చవక వస్తువు వస్తే ఖరీదైనది వెనక్కు పోతుందని అనుకొంటాం. ఇక్కడ అది జరగలేదు. ఖరీదైనది మరింత గౌరవనీయమయింది, మరింత ఖరీదయింది. 2020 లాక్‌డౌన్ రోజుల్లో తెలంగాణ ప్రభుత్వం కిలో మటన్ 700 రూపాయలకు మించి అమ్మరాదని హెచ్చరించవలసి వచ్చింది. పోగు లెక్క పోయి కిలో లెక్క వచ్చాక ప్రతి గ్రామూ డబ్బే. హైదరాబాదులో దుకాణదారుడు వేలాడే మాంసంలో అది మగదని తెలిసే గుర్తును కోయకుండా ఉంచుతాడు; పొట్టేలు మాంసమే కావాలనే కొనుగోలుదారుని అనుమానానికి అది జవాబు. గడ్డకట్టించిన మాంసం మీద నమ్మకం లేదు, అప్పుడే కోసినదే కావాలి. ఈడు మీరిన గొర్రె పనికిరాదు, లేతది కావాలి. ఈ కోరికలన్నీ కలిసి మందకు చేరేసరికి ఒక్క ఆజ్ఞగా మారతాయి: మగపిల్లలను తొందరగా అమ్ము. మూడు నుంచి ఆరు నెలల వయసులోనే, ఇంకా ఎదిగే జీవాలు సంతకు పోతాయి. మరికొన్ని నెలలు పెంచితే అదే పిల్ల మీద వచ్చే అదనపు మాంసాన్ని కాపరి వదులుకొంటాడు, ఎందుకంటే మేత లేదు, అప్పు ఉంది. ఒకరకంగా మనవాళ్ళు పేరు లేకుండానే ‘ల్యాంబ్’ తింటున్నారు.

2017 సంవత్సరం ఈ చరిత్రలో ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఆ ఏడు జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం సిద్దిపేట జిల్లా కొండపాకలో గొర్రెల పంపిణీ పథకాన్ని ప్రారంభించింది. సహకార సంఘంలో సభ్యులైన గొల్ల కురుమలకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు. యూనిట్ ధర 1.25 లక్షల రూపాయలు, అందులో 75 శాతం సబ్సిడీ. అదే ఏడు మహారాష్ట్ర ప్రభుత్వం రాజే యశ్వంత్‌రావ్ హోల్కర్ పేరుతో ‘మహామేష్’ పథకం ప్రకటించింది. అందులోనూ 20 గొర్రెలు, ఒక పొట్టేలు, 75 శాతం సబ్సిడీ. మంజీరకు రెండు గట్ల మీద ఒకే లెక్క! కాని పరిమాణంలో పోలిక లేదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు 7.4 కోట్లు, తెలంగాణలో 1.9 కోట్లు, 2012 నాటి 1.28 కోట్ల నుంచి దాదాపు 48 శాతం పెరుగుదల, దేశంలో మొదటి స్థానం. ఆంధ్రప్రదేశ్ 1.76 కోట్లతో రెండవది. ధన్‌గర్‌ల రాష్ట్రమైన మహారాష్ట్రలో 27 లక్షల ప్రాంతం. 2019 సెప్టెంబరులో నాందేడ్ జిల్లా సరిహద్దు నియోజకవర్గాల నాయకులు కొందరు హైదరాబాదు వచ్చి, తెలంగాణ పథకాలు తమకూ కావాలని, లేకపోతే తమను తెలంగాణలో కలపాలని అడగడం వెనుక ఇటువంటి పోలికలు ఉన్నాయి.

పథకం ఫలితాన్ని సంఖ్యలతో మాత్రమే కొలవరాదు. తెలంగాణలోనే కొంటే ఉన్న జీవాలే చేతులు మారతాయి కనుక ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్రల నుంచి కొనాలన్నారు. వచ్చినవాటిలో పొరుగు నేలకు అలవాటుపడని జీవాలు ఎన్నో. 2024 ఫిబ్రవరిలో శాసనసభ ముందుకు వచ్చిన కాగ్ నివేదిక, గొర్రెలను తరలించినట్టు చూపిన వాహనాల నంబర్లలో ద్విచక్ర వాహనాలు, అంబులెన్సులు కూడా ఉన్నాయని తేల్చింది. అవినీతి సంగతి దర్యాప్తు సంస్థలు చూసుకొంటాయి. చరిత్ర విద్యార్థి గమనించవలసినది మరొకటి: ఇంత పెద్ద పథకంలో ఉన్నికి, ఎరువుకు, నడిచే దారికి, మేత భూమికి ఉన్న చోటు నామమాత్రం. గొర్రె అంటే మాంసం అనే నిర్వచనం ప్రభుత్వ పత్రంలో స్థిరపడింది. ఒకప్పుడు దొర యాటను అడిగాడు, ఇప్పుడు మార్కెట్టు అడుగుతోంది.

ఈ మార్పు మనకే ప్రత్యేకం కాదు. 1882లో న్యూజీలాండ్ నుంచి ‘డునెడిన్’ అనే ఓడ గడ్డకట్టించిన గొర్రె మాంసాన్ని లండన్‌కు చేర్చింది. అప్పటి వరకు ఉన్ని కోసం పెంచిన గొర్రె ఆ దేశంలో మాంసం కోసం కూడా పెరగడం అక్కడినుంచే మొదలు. ఇంగ్లండులో ఒకనాడు గౌరవంగా తిన్న ముదురు గొర్రె మాంసం రెండవ ప్రపంచయుద్ధం తరువాత బల్లల మీద నుంచి దాదాపు మాయమై, లేత మాంసమే మిగిలింది. 2004లో అప్పటి యువరాజు చార్లెస్ ముదురు మాంసానికి మళ్ళీ ఆదరణ తేవాలని ఒక ఉద్యమమే నడిపాడు. అమెరికాలో 1942 నాటికి 5.6 కోట్ల గొర్రెలు ఉండేవి. ఇప్పుడు 50 లక్షల ప్రాంతం. అక్కడికి వెళ్ళిన మన విద్యార్థులు దుకాణంలో ల్యాంబ్ కొని వండి, కొవ్వు వాసన భరించలేక మేక మాంసం దొరికే హలాల్ అంగడి వెతుక్కోవడం మామూలే. అది వంటలోని లోపం కాదు. జాతి వేరు, మేత వేరు, కొవ్వు వేరు. మనం ‘మటన్’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకొన్న తేడాలన్నీ పరదేశంలో నాలుకకు తెలుస్తాయి.

దక్కనీని నిలబెట్టే ప్రయత్నాలు రెండు దారుల్లో సాగాయి. సతారా జిల్లా ఫల్టణ్‌లో బి.వి. నింబ్కర్ (1931–2021) స్థాపించిన పరిశోధన సంస్థ సుందరవనాల ‘గరోల్’ అనే చిన్న గొర్రెలో కవలలకు కారణమయ్యే జన్యువును దక్కనీలోకి తెచ్చి ‘సువర్ణ’ అనే రకాన్ని తయారుచేసింది. ఒక్క పిల్ల స్థానంలో ఇద్దరు పుడితే నల్ల గొర్రె ఎర్రదానితో పోటీ పడగలదనేది ఆ వాదం. ‘అంత్ర’ సంస్థలో పనిచేసిన సాగరి రాందాస్ వంటి పశువైద్యులు 1990ల నుంచి తెలంగాణ, మహారాష్ట్రలలో వేరే మాట చెప్పారు: జాతిని మార్చకండి, మేత భూమిని, కాపరుల సంఘాన్ని, ఉన్నికి సంతను కాపాడండి. మొదటిది గొర్రెను మార్కెట్టుకు తగ్గట్టు మలచడం, రెండవది గొర్రెకు తగిన లోకాన్ని నిలపడం. నాకు రెండవదాని మీద మక్కువ ఎక్కువే. అయితే మూడు పూటలా ఇల్లు గడవవలసిన కాపరికి కవల పిల్లల వాదం ముందు వినిపిస్తుందని ఒప్పుకోక తప్పదు. రెంటికీ మధ్య ఒక చిన్న సంగతి మరుగున పడుతోంది. దుకాణంలో ఏ జాతి మాంసమో చెప్పే పేరు లేదు. నడిచి పెరిగిన నల్ల గొర్రెకు, కొట్టంలో దాణా తిన్న ఎర్రదానికి జియాగూడలో ఒకే తూకం, ఒకే ధర. కొనేవాడు అడిగితే తప్ప ఆ తేడా ఎవరూ చెప్పరు. ఇంతవరకు అతను అడిగినది లేతదా, మగదా అని మాత్రమే.

మన విభాగానికి సంబంధించిన పని ఇందులో చాలా ఉంది. మందలో ఒక్కొక్క గొర్రెను చెవి తీరును బట్టి, మచ్చను బట్టి, కొమ్మును బట్టి పిలిచే పేర్లు. ఉన్ని రకాల పేర్లు, మగ్గం పరికరాల పేర్లు, రోగాల పేర్లు, మాంసం భాగాల పేర్లు ఇంకా కుండల్‌వాడి, ధర్మాబాదు, దెగ్లూరు వైపు వృద్ధుల నోట ఉన్నాయి. వీటిలో ఏది తెలుగు, ఏది మరాఠీ, ఏది కన్నడమో తేల్చడం సులభం కాదు. అందుకే సేకరించడం అవసరం. నల్ల గొర్రె లేని మందలో నలుపు రకాల పేర్లు రెండో తరానికి అక్కరలేదు. లోహా తాలూకా మాళేగావ్‌లో ఖండోబా జాతర మార్గశిర బహుళ చతుర్దశి నాడు మొదలవుతుంది. అది పేరుమోసిన పశువుల సంత కూడా. సెలవుల రోజుల్లో వస్తుంది కనుక పుణె, ముంబయి, నాందేడ్‌లలో చదివే విద్యార్థులు ఒక నోటు పుస్తకం తీసుకొని, మూడు భాషల్లోనూ అడగడానికి సిద్ధపడి వెళ్ళవచ్చు.